పాత చీర కట్టుకుని రమ్మన్నారు

మేడ్చల్ రోడ్డు మీద నా టైలరింగ్ షాపుకు ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో బుధవారం సంత జరుగుతుంది. శామీర్‌పేట చుట్టుపక్కల పల్లెల రైతులు తెల్లారేసరికి పాలకూర, గంగవాయిలి కూర, టమాటాలు, చిక్కుడుకాయలు తెచ్చి దించుతారు. చేతిలో డబ్బు ఆడని ఇళ్లకు మున్సిపల్ ఆఫీసు వాళ్లు నెలనెలా కూరగాయల చీటీలు ఇస్తారు. చీటీ చూపిస్తే రైతు సగం ధరకే కూర ఇస్తాడు. మిగతా సగం అతనికి సర్కారు నుంచి వస్తుంది. తినేవాళ్లకూ మేలు, పండించేవాళ్లకూ మేలు. దీని మీద ఎవరికీ కడుపుమంట ఉండకూడదు. కానీ ఉంది.

కొత్త విల్లాల కాలనీ వాళ్లకు ఉంది. పొద్దున్నే వాకింగుకు వెళ్తూ సంత దగ్గర ముక్కు మూసుకునేవాళ్లు. ఈ చీటీలకు పోసే డబ్బుతో తమ పార్కుకు లైట్లు పెట్టించాలని అర్జీ ఇచ్చారు. వాళ్ల జాకెట్లు కుట్టేది నేనే కాబట్టి ఆ కబుర్లన్నీ నా ముందే చెప్పుకునేవాళ్లు. "ఊరికే ఇస్తే అలవాటు పడిపోతారండీ" అంది ఒకావిడ, నేను కొలతలు తీస్తుంటే. మరి మీ పార్కు లైట్లు ఊరికే కాదా అని అడిగాను. ఆవిడ మళ్లీ నా షాపు గడప తొక్కలేదు. పీడా పోయింది.

మా పక్క వీధిలో ఒకామె ఉంటుంది. భర్త పోయాడు. కొంపల్లిలో అపార్టుమెంట్ల మెట్లు ఊడ్చి, తుడిచి సంసారం లాగుతుంది. ఒక్కతే కూతురు, కండ్లకోయ దగ్గర కాలేజీలో చదువుతోంది. ఆ పిల్ల ఒకసారి క్లాసులో కళ్లు తిరిగి పడిపోతే, రక్తం తక్కువగా ఉంది, రోజూ ఆకుకూర పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి బుధవారం వస్తే ఆమె అందరికంటే ముందు సంతలో ఉండేది. పిల్ల మొహంలో కాస్త కళ వచ్చింది కూడా.

అర్జీ పని చేసింది. చీటీలు నిజంగా పేదవాళ్లకే వెళ్తున్నాయా అని చూడటానికి నగరం నుంచి అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. పెద్దసారు వస్తున్నాడంటే మా వైపు ఆడవాళ్లు ఏం చేస్తారు? తలస్నానం చేసి, పెళ్లిళ్లకు కట్టే చీర పెట్టెలోంచి తీస్తారు. వచ్చే మనిషికి ఇచ్చే మర్యాద అది. ముందురోజంతా నా షాపు నిండా వాళ్లే. బిగుసుకుపోయిన జాకెట్లు వదులు చేశాను, ఊడిన ఫాల్స్ కుట్టాను. పక్క వీధి ఆమెకైతే దగ్గరుండి కుచ్చిళ్లు కూడా నేనే పెట్టాను. తలలో పూలు, మెడలో రోల్డుగోల్డు గొలుసులతో అందరూ వరసగా నిలబడితే ఎవరింట్లోనో పెళ్లి జరుగుతున్నట్టే ఉంది.

సారు కారు దిగాడు. నమస్కారం పెడితే తిరిగి పెట్టలేదు. "వీళ్లా పేదవాళ్లు? మా ఇంట్లోనే ఇన్ని పట్టుచీరలు లేవు" అని పక్కనున్న వాళ్లతో నవ్వాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఒక్క ఇంటికి వెళ్లలేదు, ఒక్క గిన్నె మూత ఎత్తి చూడలేదు. చీరలు చూశాడు, వెళ్లిపోయాడు. వారం తిరక్కుండానే చీటీలు ఆపేస్తారని తెలిసింది. ముస్తాబు చేసి పంపావని కొందరు నన్ను కూడా తిట్టారు. తిట్టనీ. మనిషి మనిషిలా నిలబడటం తప్పంటే నేను ఒప్పుకోను.

అప్పుడు దిగాడు మా వార్డు నాయకుడు. పైన ఎవరినో పట్టుకుని సారును ఇంకోసారి రప్పిస్తున్నానని, ఆడవాళ్లందరినీ నా షాపు ముందు పోగేసి చెప్పాడు.

"గీపారి గట్ల సింగారించుకొని రాకుండ్రి. పాత చీరలు కట్టుకొని రండ్రి. చినిగినయైతె ఇంక మంచిది. జర కండ్లల్ల నీళ్లు వెట్టుకుంటె పనైపోతది."

"సినిమా తీస్తున్నవా అన్నా?" అన్నాను.

"ఫండు కావాల్నా, ఇజ్జత్ కావాల్నా? మీరే చెప్పుండ్రి."

అందరూ వెళ్తుంటే పక్క వీధి ఆమెను ఆపి, "నువ్వు పోకు" అన్నాను.

"పోకుంటె పిల్లకు ఆకుకూర యాడికెల్లి తేవాలె అక్కా? ఒక్క పూట పాత చీర కట్టుకుంటె నా సొమ్మేం పోతది?" అంది.

చిరిగిన చీరలోనే వెళ్లింది. సారు ముందు చేతులు జోడించింది. ఏడ్చింది. అది నటన కాదు, అవమానం. కానీ సారు తన మంచితనానికే ఆమె ఏడుస్తోందనుకున్నాడు. పక్కన నిలబడి ఫొటోలు దిగాడు, చీటీలు ఆగవని అక్కడికక్కడే చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆమె కొనే సబ్బు మీద, పేస్టు మీద పన్ను తీసుకునేటప్పుడు ఏ చీర కట్టుకున్నావని ఎవరూ అడగరు. ఆ డబ్బులోంచి పిడికెడు ఆకుకూర ఇవ్వడానికి మాత్రం మనిషిని ఏడిపించాలా? ఎవడబ్బ సొమ్మని?

తర్వాతి బుధవారానికి సంత ముందు పెద్ద ఫ్లెక్సీ లేచింది. పైన దండం పెడుతూ నాయకుడు, కింద ఏడుస్తూ ఆమె. చీర చిరుగు కూడా కనబడేంత పెద్దగా వేయించాడు. కాలేజీకి వెళ్లే షేర్ ఆటోలు అక్కడే ఆగుతాయి. తోటి పిల్లలు "గామె మీ అమ్మనే గదా" అని అడిగారట. ఆ సాయంత్రం నుంచి పిల్ల సంత కూర ముట్టలేదు.

యూనిఫాం వదులైంది, నడుము దగ్గర కుట్టు వేయమని నా దగ్గరకు వచ్చినప్పుడు గట్టిగా కేకలేశాను. సిగ్గుపడాల్సింది నువ్వూ కాదు, మీ అమ్మా కాదు అన్నాను.

"మరి గా ఫొటో తీసెయ్యమను పెద్దమ్మా. తింట" అంది.

ఆ పిల్ల అడిగినదాంట్లో తప్పేముంది? షాపు షట్టరు దించి నేరుగా నాయకుడి ఇంటికి వెళ్లాను.

"ఫొటో పీకేస్తె ఫండు గూడ పీకేస్తరక్కా. సారు మస్తు ఖుష్ అయిండు. వచ్చే ఏడు గూడ గామెనే నిలవెడుదాం" అన్నాడు, నవ్వుతూ.

నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టి వచ్చాను. ఫ్లెక్సీ అక్కడే ఉంది.

సంత మునుపటికంటే బాగా నడుస్తోంది. ఆమె మాత్రం రాదు. చీటీలు పక్కింటి వాళ్లకు ఇచ్చేసి, పని దిగాక కొంపల్లి దుకాణంలో పూర్తి ధర పెట్టి కొంటుంది. అలా తెస్తేనే పిల్ల తింటుంది. మొన్న నా షాపు ముందు ఆటో దిగితే సంచిలోకి తొంగి చూశాను. ఒక సన్న పాలకూర కట్ట.

"గింతనేనా? ఇద్దరికెట్ల సరిపోతదే?" అన్నాను.

"ఇద్దరికెందుకక్కా? నాకు కారం మెతుకులు సాలు" అంది.