మామగారి తుపాకీ చెక్కలు

రిటైరైన మగవాడికి ఏదో ఒక పిచ్చి పట్టకమానదు. కొందరికి రోజూ షుగరు చూసుకునే పిచ్చి, కొందరికి తెల్లవారకముందే ఊరందరికీ వాట్సాప్‌లో సుప్రభాతాలు పంపే పిచ్చి. అరవనాట పాత వణ్ణారపేటలో ఉండే తిరువేంగడానికి పట్టింది సైన్యం పారేసిన పాత తుపాకుల పిచ్చి.

దానికీ ఒక కారణం ఉంది. తొమ్మిదో తరగతిలో ఎన్.సి.సి.లో చేరినప్పుడు ఆయన చేతికి ఒక త్రీ నాట్ త్రీ రైఫిల్ ఇచ్చారు. కవాతు కోసం గొట్టం మూసేసిన తుపాకీ. పేలదు గానీ, బరువు మాత్రం అసలైన బరువే. రెండేళ్లు దాన్ని మోశాడు. ఆ తర్వాత అంబత్తూరులో ఒక బోల్టుల కంపెనీలో ముప్పై ఆరేళ్లు స్టోరు కీపరుగా గడిచిపోయినా భుజం ఆ బరువును మరిచిపోలేదు. ఇంటిపట్టున కూర్చున్నాక ఫోనులో విదేశాలవాళ్ల వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. గోడనిండా పాత సైనిక తుపాకులు తగిలించుకుని, ఒక్కొక్కదాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే పెద్దమనుషులు వాళ్లు. చూసి చూసి ఈయనకు నోరూరింది.

లైసెన్సుల ఆఫీసుకు వెళ్లి అడిగితే అక్కడి గుమస్తా నవ్వు ఆపుకోలేకపోయాడు. సైన్యం వాడిన రకం మామూలు మనుషులకు ఇవ్వరనీ, ఇంటికి వెళ్లి మనవళ్లకు బొమ్మ తుపాకీ కొనిపెట్టమనీ చెప్పి పంపాడు. చివరికి దారి చూపించింది కామేశం. మనలి రోడ్డులో పాత సామాన్ల గోదాము నడిపే స్నేహితుడు. కాలం చెల్లిన తుపాకుల్ని కోసి ఇనుము కరిగించేస్తారనీ, భుజానికి ఆనించుకునే చెక్క ముక్కను, బట్టు అంటారు దాన్ని, విడిగా వేలం వేస్తారనీ, చెక్కకు లైసెన్సు అక్కర్లేదనీ చెప్పాడు.

"ఇనుము సర్కారుకి, కట్టె నీకి. ఆడా ఈడా తిరిగి నవ్వులపాలు గాబాక" అన్నాడు.

మొదటి బట్టును తెచ్చి టీవీ పక్కన నిలబెట్టినప్పుడు భార్య హైమవతి కాసేపు దాన్నీ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "వేణ్ణీళ్ల పొయ్యిలోకా అండీ?" అని అడిగింది. అడిగిందే గానీ వద్దనలేదు. తన బట్టల బీరువా పక్కన చోటు కూడా ఇచ్చింది. ఆరు నెలల్లో నాలుగు చేరాయి.

పురటాసి నెలలో, దసరా ముందర, కామేశం ఫోను చేశాడు. "మీ మామ పనిచేసిన యూనిట్ సరుకు వచ్చుండాది. ఏడు బట్టులు. వస్తావా, ఇంకొకరికి ఇచ్చేదా?"

హైమవతి తండ్రి వరదరాజులు పటాలం నుంచి వచ్చాక ఎన్.సి.సి. యూనిట్‌లో తుపాకులు బాగుచేసే పనిలో చేరి అక్కడే రిటైరయ్యాడు. గట్టి మనిషి, ముద్దుమురిపాలు తెలియని మనిషి. కూతుర్ని దగ్గరకు తీసుకున్నది లేదు, మంచి మాట చెప్పింది లేదు. ఒక్కసారి మాత్రం, ఆమె పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ఏ కళనున్నాడో ఒక సంగతి చెప్పాడు. ఆమె పుట్టిన రోజు ఆ యూనిట్‌లో ఆయనకు సెలవు దొరకలేదట. కబురు వచ్చేసరికి చేతిలో ఏ తుపాకీ ఉందో దాని బట్టు చివరి ఇనుప రేకు విప్పి, లోపలి చెక్క మీద కూతురికి పెట్టాలనుకున్న తన తల్లి పేరు చెక్కి, మళ్లీ రేకు బిగించేశాడట. తండ్రికి తనమీద ప్రేమ ఉందనడానికి హైమవతి దగ్గర ఉన్న దాఖలా ఆ ఒక్క మాటే.

పెళ్లయిన కొత్తలో ఆ మాట మొగుడికి చెప్పుకుంది. "సర్కారు తుపాకీ మీద ఆడపిల్ల పేరా? మీ నాయన బాగానే కోస్తాడే కోతలు!" అని తిరువేంగడం పగలబడి నవ్వాడు. నవ్వింది చాలక ఏదో విందులో పదిమంది ముందర కూడా చెప్పి నవ్వించాడు. ఆమె ఇంక ఆ ఊసెత్తలేదు. ఈయన శుభ్రంగా మరిచిపోయాడు. నవ్విన వాళ్లకు గుర్తుండదు, నవ్వించుకున్న వాళ్లకు ఉంటుంది.

ఏడు బట్టుల్నీ ఇంటికి తేకుండా, ఆయుధ పూజనాడు ఒక్కసారిగా చూపించి భార్యను ఆశ్చర్యపెట్టాలని తిరువేంగడం వాటిని పెరంబూరులో పాలిషు పనిచేసే సుబ్బన్ దగ్గర దించాడు. కంపెనీలో ఉన్నన్నాళ్లూ ఆయుధ పూజ వచ్చిందంటే ఆయన హడావుడి ఇంతా అంతా కాదు. ప్రతి మిషనునీ కడిగించి, తుప్పు గీకించి, రంగు వేయించి, చందనం కుంకుమ పెట్టించేదాకా నిద్రపోయేవాడు కాదు. మురికిగా ఉన్న వస్తువును దేవుడి ముందు పెట్టడమా? పాత తుపాకీ చెక్కకు నునుపు చేసే ఉప్పుకాగితం తగలనివ్వకండి బాబూ అని వీడియోల్లో ఒక తెల్లాయన నెత్తీ నోరూ బాదుకునేవాడు. వాడికి ఆయుధ పూజ గురించి ఏం తెలుసులే అనుకున్నాడు ఈయన.

పూజ రెండు రోజులుందనగా సుబ్బన్ ఒక బట్టు చివర, ఇనుప రేకు ఊడిన చోటు చూపించి, దీని మీద ఏదో రాసుంది సార్, గీకేయమంటారా అని అరవంలో అడిగాడు.

తిరువేంగడం కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి ఒక చూపు చూశాడు. నల్లటి నూనె మరక కింద కత్తిమొనతో చెక్కిన అక్షరాలు. తెలుగు అక్షరాలని తెలిసింది. అంతవరకే తెలిసింది. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ మాట్లాడేది తెలుగే గానీ, చదువంతా అరవంలో సాగింది. చదవడం రాదు. పెళ్లి శుభలేఖ వస్తే కళ్లజోడు కనపడలేదని సాకు చెప్పి హైమవతి చేత చదివించుకునేవాడు. ఆమె తెలుగు బడిలో చదువుకుంది. ఇప్పుడు ఫోటో తీసి ఆమెకు పంపితే పూజనాటి గుట్టు బయటపడుతుంది. కామేశాన్ని అడుగుదామంటే పరువు అడ్డం వచ్చింది. నలభై ఏళ్ల కిందట భార్య చెప్పిన మాట ఆ నిమిషాన తట్టి ఉంటే ఎంత బాగుండేది! తట్టలేదు.

"ఎవడో సిపాయి గీసుంటాడు. గీకెయ్, నున్నగా పోవాల" అన్నాడు.

పూజనాడు ఏడు బట్టులూ అద్దంలా మెరుస్తూ, చందనపు బొట్లతో, బొరుగులు శనగల పళ్లేల ముందు వరుసగా పడుకున్నాయి. హైమవతిని పిలిచి, "మీ నాయన చేతిలో తిరిగినవి, హైమా. అన్నీ ఆ యూనిట్‌వే" అన్నాడు. మెచ్చుకుంటుందని చూశాడు.

ఆమె కింద కూర్చుని ఒక్కొక్కదాన్నే ఒళ్లోకి తీసుకుని, కిటికీ వెలుతురుకు తిప్పి, చివర బొటనవేలితో తడిమి చూసింది. మొదటిది పక్కన పెట్టింది. రెండోది. మూడోది. ఏడోది తడిమేటప్పుడు చాలాసేపు పట్టింది.

"ఏం వెతకతా ఉండావు?"

"ఏం లేదండీ. నాన్న చెప్పిన మాట ఒకటి ఉండె. మీరు చెప్పిందే నిజం. ఊరికే కోతలు కోసినాడు" అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక తిరువేంగడానికి అంతా గుర్తొచ్చింది. హారతి త్వరగా ముగించేశాడు గానీ నిజం చెప్పలేదు. విజయదశమి కూడా గడిచిపోయింది. ఏటా పండక్కి తండ్రి ఫోటోకు పూలు పెట్టే మనిషి ఆ రెండు రోజులూ పెట్టలేదు. అది చూశాక ఆయనకు అన్నం సహించలేదు. చచ్చిపోయిన మనిషిని అబద్ధాలకోరును చేసి తాను పెద్దమనిషిలా తిరగడం కన్నా చీవాట్లు తినడమే నయమనిపించింది.

మూడో రోజు పొద్దున ఆమె చిక్కుడుకాయలు తుంచుతుంటే ఎదురుగా కూర్చున్నాడు.

"ఉండింది, హైమా."

"ఏంది?"

"ఒకదాని మీద రాసుండింది. తెలుగులోనే. సుబ్బన్ అడిగినాడు. నేనే తీసేయమన్నాను."

చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఏమని రాసుండింది?"

"నాకు చదవను వస్తాదా?" అన్నాడు. నలభై ఏళ్లలో ఆ మాట పైకి చెప్పడం అదే మొదటిసారి.

"ఎన్ని అక్షరాలు?"

"నాలుగో, అయిదో."

"నా పేరు నాలుగే" అందామె మెల్లగా. వెంటనే లేచి కేలండరు కాగితం ఒకటి చింపి, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది. "చదవద్దు లెండి. చూసింది చూసినట్టు గియ్యండి. నేను చదువుకుంటాను."

తిరువేంగడం పెన్ను పట్టుకున్నాడు. కళ్లు మూసుకుంటే నూనె మరక కనిపించింది, సుబ్బన్ చెయ్యి కనిపించింది, అక్షరాలు మాత్రం కనిపించలేదు. అయినా చెయ్యి కదిలింది. ఒక వంపు, దాని మీద ఒక మెలిక గీసింది. హైమవతి ముందుకు వంగింది. అంతలో ఆయనకు తాను గీస్తున్నదేమిటో తెలిసింది. బ్యాంకు కాగితాల మీద, రేషన్ ఫారాల మీద ఆమె తెలుగులో చేసే సంతకం అది. పూర్తి చేసేస్తే ఆమె నమ్ముతుంది. ఈ పూటే తండ్రికి పూలు పెడుతుంది. ఎంత తేలికో!

ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

"ఇది నీ సంతకం హైమా. నేనేం గీసినా ఇదే వస్తా ఉండాది. ఆడ చూసింది ఇదేనా అంటే, ఒట్టు, తెలీదు. ఒక్క చూపు చూసినానంతే."

ఆమె ఆ సగం అక్షరాన్ని చాలాసేపు చూసింది. ఆ తర్వాత కాగితాన్ని మడిచి చేతిలో పెట్టుకుంది.

"నా సంతకం తెలిసిన మనిషే గదండీ మీరు" అంది. "ఇంకొక్క చూపు చూసుండగూడదా?"