శకుంతల మేడం వేసిన శిక్ష

మొన్న చేవెళ్ల నుంచి షేర్ ఆటోలో వస్తున్నాను. పక్కన కూర్చున్న పెద్దావిడ తలనొప్పి బామ్ డబ్బా మూత తీసి రెండు కణతలకూ రాసుకుంది. నీలగిరి, కర్పూరం కలిసిన ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. ఆ వాసన వస్తే సర్దుకుని కూర్చోవడం నాకు శకుంతల మేడం దగ్గర అలవాటైంది.

మేడం మొయినాబాద్‌లో, బీజాపూర్ రోడ్డుకు కాస్త లోపలగా, ఒక అద్దె భవనంలో బడి నడిపేవారు. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పొట్టిగా ఉండేవారు, గొంతు తగ్గించే మాట్లాడేవారు. చిరాకు వస్తే అరవరు, సొరుగులోంచి బామ్ డబ్బా తీస్తారు. ఆమె కణతలు రుద్దుకుంటూ కనిపిస్తే ఆ రోజు ఎవరికో మూడిందని బడి మొత్తానికీ తెలిసిపోయేది. బీటెక్ అయ్యాక నా మొదటి ఉద్యోగం అక్కడే. కంప్యూటర్ పాఠం చెప్పడం, వైఫై, సీసీ కెమెరాలు, ప్రింటర్, బస్సు ఎక్కడుందో తల్లిదండ్రుల ఫోన్లకు చెప్పే యాప్, ఇవన్నీ నా పనులు. మా అమ్మానాన్నలు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. అందుకని నా మాట చివర వచ్చే ‘అండి’ అంటే మేడానికి సరదా. నన్ను పేరుతో పిలవలేదు ఎప్పుడూ. ‘ఇంజినీరూ’ అనేవారు.

ఇక నిహాల్. తొమ్మిదో తరగతి. వాళ్ల నాన్న ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. వాడిని అదుపు చేయడానికి నేను చేసినవి వరుసగా చెబుతాను. మొదట వీడియో సైట్లు ఆపేశాను. వాడు మరో దారి పట్టుకున్నాడు. ఆ దారి మూస్తే ఆఫీసు కంప్యూటర్ కనెక్షన్ వాడాడు. తర్వాత వాడి ఫోన్‌ను వైఫై నుంచి పూర్తిగా తీసేస్తే పక్కవాడి ఫోన్ తీసుకున్నాడు. పాస్‌వర్డ్ మార్చిన రోజు సాయంత్రమే ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి, “సార్, ఈసారి జర మంచిది పెట్టుండ్రి. ఇది మా చెల్లె గూడ చెప్తది” అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మేడం దగ్గరికి వెళ్లి చెప్పాను.

“నువ్వు గోడ కడుతున్నవ్, వాడు దుంకుతున్నడు,” అన్నారామె. “వానికి కసరత్తయితున్నది. నీకేమయితున్నది ఇంజినీరూ?”

బడి బస్సులో యాదమ్మ అనే ఆయా ఉండేది. బస్సు ఆగే చాలా చోట్ల ఇల్లు రోడ్డు మీద ఉండదు, సందులోకి ఉంటుంది. తల్లిదండ్రులు పనుల్లో ఉంటారు, నా యాప్ మోగేది వాళ్ల ఫోన్లలో. పిల్లలను తీసుకెళ్లేది మాత్రం ఇంట్లో ఉన్న అవ్వలు. అందుకని యాదమ్మ తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్క అవ్వనూ పేరు పెట్టి పిలిచేది. “శాంతమ్మో, నీ పిల్ల వచ్చింది, పొయ్యి ఆర్పి రా!” అని ఆమె కేక వేస్తే సందు చివరి ఇంట్లో కూడా వినపడేది. అవ్వ వచ్చి చేయి పట్టుకుంటే గాని బస్సు కదిలేది కాదు.

ఆ కేకను నిహాల్ వెనుక సీటులోంచి దొంగతనంగా వీడియో తీశాడు. ఆమె నోరు తెరిచిన చోట బొమ్మను సాగదీశాడు, గొంతు కీచుగా మార్చాడు, డప్పు మోత కలిపి వదిలాడు. వారం తిరగకుండా అది చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. చేవెళ్ల బస్టాండులో ఆమె దిగితే కుర్రాళ్లు “పొయ్యి ఆర్పి రా!” అని కీచు గొంతుతో అరిచేవాళ్లు. సొంతూళ్లో కల్లు దుకాణం ముందు నుంచి నడిచినా అదే అరుపు. యాదమ్మ పనికి రావడం మానేసింది.

సంగతి తెలిసిన రోజు మేడం గదిలో నిహాల్, వాళ్ల నాన్న, నేను. ఆయన మంచి మనిషే. కాకపోతే అన్నిటినీ ప్లాటు బేరంలా త్వరగా తేల్చాలని చూస్తాడు.

“మేడం, పోరడు ఏదో మజాక్ చేసిండు. తీసేయమన్న, తీసేసిండు. సారీ వీడియో గూడ పెట్టించిన,” అన్నాడు.

నిహాల్ ఫోన్ ముందుకు చాపాడు. వెనుక విషాద సంగీతం, మసక వెలుతురు, చేతులు జోడించిన నిహాల్. “చూడుండ్రి మేడం, అసలు వీడియో కంటె దీనికే ఎక్కువ మంది వచ్చిండ్రు. అందరు గ్రేట్ బ్రో అంటున్నరు.”

మేడం మొత్తం చూశారు. బామ్ డబ్బా తీశారు. “యాదమ్మ చూసిందారా ఇది?”

“ఆమెకు ఫోన్ లేదు గద మేడం.”

“మరి సారీ ఎవరికి చెప్పినవ్‌రా?”

నిహాల్ కొంచెం ఆలోచించి, నిజాయితీగానే, “అందరికి” అన్నాడు.

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. వాళ్ల నాన్న ముందుకు జరిగాడు. “ఆమెకు ఏమన్న ఇచ్చి ఖతం చేద్దం మేడం. ఫోన్ గుంజుకుంట, ఏడాది దాక ముట్టనియ్య.”

“ఆమెకు పోయింది నోరు. అది నీ దగ్గర ఉన్నదా ఇయ్యనీకి? ఇంక ఫోనంటవా, గుంజుకుంటే ఏమయితడు? ఫోన్ లేని బద్మాష్ అయితడు.”

ఆదివారం మేడం, నేను, నిహాల్ ఆర్టీసీ బస్సులో చేవెళ్ల వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో యాదమ్మ ఊరికి చేరాం. ఆమె చామంతి తోటలో కూలికి వెళ్లి అప్పుడే వచ్చింది. కొంగుకు ఇంకా పూల రేకులు అంటుకుని ఉన్నాయి. మంచం వాల్చింది, మంచినీళ్లు ఇచ్చింది. నిహాల్ నేల చూస్తూ “సారీ” అన్నాడు. ఆ క్షణంలోనే వాడి జేబులో ఫోన్ గుర్రుమంది. వాడి చెయ్యి జేబు వైపు వెళ్లడం నేను చూశాను. అక్కడే ఒకటి వేయాలనిపించింది.

యాదమ్మ వాడిని తిట్టలేదు. “పోరని మీద నాకేం కోపం లేదు మేడం. చిన్నోడు. గని నోరు లేస్తలేదు. పిలుద్దమని నోరు తెరిస్తే ఎనుక ఎవడో నవ్వినట్లయితది.”

మేడం మంచినీళ్ల గ్లాసు కింద పెట్టారు. తర్వాత, “పిలువకు యాదమ్మా. ఉత్తగనె వచ్చి కూసో. పిలిచేటోడు ఈడ ఉన్నడు,” అని నిహాల్ భుజం మీద చెయ్యి వేశారు. “రేపటి సంది బస్సు తలుపు కాడ నిలబడు. ప్రతి స్టాపుల అవ్వలను నువ్వే పిలువు. ఈమె నోరు లేచేదాక నీ నోరే ఈమె నోరు.”

“నేనా? అందరి ముంగట?” నిహాల్ ముఖం ఎర్రబడింది.

“ఆమె గూడ అందరి ముంగటనే పిలిచింది గదరా.”

తిరుగు ప్రయాణంలో నాకు మరో పని చెప్పారు. రోజూ నేను కూడా ఆ బస్సెక్కాలి, నిహాల్‌ను ఎవరూ వీడియో తీయకుండా చూడాలి. మా ఇల్లు ఆ రూటుకు సరిగ్గా వ్యతిరేక దిశలో ఉంది. విసుగ్గా, “తీస్తే తీయనివ్వండి మేడం, వాడికీ ఆ రుచి తెలియాలి కదండీ” అన్నాను.

“తెలుస్తది. ఇంకో వీడియో ఎట్ల తియ్యాల్నో తెలుస్తది.” కిటికీ లోంచి బయటికి చూస్తూ అన్నారు. “నాకు గూడ చిరాకొస్తది ఇంజినీరూ. నీకంటె ఎక్కువనే వస్తది. గా చిరాకుల శిక్ష వేస్తే, అది మన తలనొప్పికి మందు. వానికి కాదు.”

అలా మొదలైంది. యాదమ్మ వచ్చి ముందు సీటులో మౌనంగా కూర్చునేది. నిహాల్ తలుపు దగ్గర వేలాడుతూ పిలిచేవాడు. అలా అరిచి పిలవడం వాడికి అవమానంగా ఉండేది. మొదటి స్టాపులో వాడి గొంతు స్టీరింగు దాకా కూడా రాలేదు. డ్రైవర్ వెనక్కి తిరిగి, “ఏందిర, చెవిల చెప్తున్నవా? గట్టిగ!” అన్నాడు. రెండో స్టాపులో “హలో ఆంటీ” అన్నాడు. ఆ ఇంట్లో ఉన్నది డెబ్బై దాటిన అవ్వ. ఎవరో అమ్మకానికి వచ్చారనుకుని “ఏమొద్దు, పో” అని లోపలి నుంచే జవాబిచ్చింది. పిల్లలు విరగబడి నవ్వారు. నేను ఒక్కొక్కరి చేతులవైపు చూస్తూ నిలబడ్డాను.

నిహాల్ నా మీదికి వచ్చాడు. “లొకేషన్ పంపితె సరిపోతది గద సార్, ఈ ఒర్లుడేంది?”

“ఆ అవ్వల దగ్గర ఫోన్లు లేవు.”

“కొనుక్కోమనుండ్రి.”

నేను కిటికీ వైపు తిరిగి ఊపిరి గట్టిగా వదిలాను. పదిహేనేళ్ల పిల్లవాడితో వాదించి గెలిచినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను కలవాలని ఆ రోజుల్లో చాలాసార్లు అనుకున్నాను. మేడంతో కూడా అన్నాను, ఇది పనిచేయడం లేదండీ అని. “యాదమ్మ రోజు వస్తున్నదా?” అని అడిగారు. వస్తోందన్నాను. “అయితె పనిచేస్తున్నది” అని మళ్లీ పేపర్లు దిద్దుకోసాగారు.

ఒక సాయంత్రం ముసురు పట్టింది. ఎంకపల్లిలో బస్సు ఆగింది. యూకేజీ చదివే శాంతమ్మ మనవరాలు దిగే చోటు. నిహాల్ తడవకుండా తల కొంచెమే బయటపెట్టి రెండుసార్లు పిలిచాడు. ఎవరూ రాలేదు. “ఇల్లు గదే గద సార్. దింపేద్దం, పోతది,” అన్నాడు. పాప మెట్టు మీద నిలబడి సందులోకి చూస్తోంది. కింది పెదవి వణకడం మొదలైంది. నేను దిగబోతున్నాను.

ముందు సీటు కిర్రుమంది. “నోట్లె ఏం పెట్టుకున్నవ్‌ర? జరుగు,” అంటూ యాదమ్మ లేచి తలుపు కడ్డీ పట్టుకుంది. నోరు తెరిచింది, ఆగింది. మళ్లీ తెరిచింది.

“శాంతమ్మో! ఓ శాంతమ్మా! పిల్ల వానల నిలబడ్డది, పొయ్యి ఆర్పి రా!”

వెనుక సీట్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

యాదమ్మ చెయ్యి కడ్డీ మీద బిగుసుకుంది. ఆ నవ్వు నా వీపుకే తగిలినట్టయింది. నేను తిరిగేలోపే నిహాల్ తిరిగాడు. నన్ను రోజూ ఏడిపించే అదే పొగరు గొంతుతో, “ఎవడ్రా నవ్వింది? నవ్వినోడు దిగి నువ్వు పిలువు, రా!” అన్నాడు.

సందులోంచి శాంతమ్మ పిండి చేతులతో, నెత్తిన గోనెసంచి కప్పుకుని ఉరుకుతూ వచ్చింది. పాపను ఎత్తుకుంటూ, “ఇన్ని దినాలు ఏడ పోయినవే యాదమ్మా? నీ గొంతు లేక నాకు పొద్దే ఎరుకైతలేదు,” అంది. యాదమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని కూర్చుంది. తర్వాతి స్టాపు వచ్చినప్పుడు ఆమే లేచింది.

మర్నాడు ఉదయం నిహాల్ మేడం గది ముందు సిద్ధం. “మేడం, ఆమె నోరు లేచింది. నా డ్యూటీ ఖతం గద?”

“ఖతం. ఇయ్యాల్టి సంది సంచులు అందియ్యి.”

“గది ముందుగాల చెప్పలే గద!”

“ఇప్పుడు చెప్పిన.”

వాడు కాలు నేలకేసి కొడుతూ బయటికి పోయాడు. వాడు మారిపోయాడని నేను రాయను. అదే వారం నా కొత్త పాస్‌వర్డ్ మళ్లీ బయటికి వచ్చింది. కానీ బస్సులో యాదమ్మ వైపు ఎవరైనా ఫోన్ ఎత్తితే మొదట అరిచేది వాడే, అదీ నానా బూతులతో. ఆ బూతుల కోసం మేడం మళ్లీ బామ్ డబ్బా తీయాల్సి వచ్చింది.

కొన్నేళ్లకు ఆ స్థలం అమ్ముడుపోయి బడి మూతపడింది. మేడం కరీంనగర్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. ఆమె పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు నేను దొంతన్‌పల్లి దగ్గర ఒక యూనివర్సిటీలో నెట్‌వర్క్ పని చూస్తున్నాను. ఇలాంటి ఫిర్యాదులు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఈ మధ్య ఒక కుర్రాడు హాస్టల్లో వడ్డించే అమ్మాయి నడకను వెక్కిరిస్తూ ఏదో పెట్టాడు. అతని అకౌంటు మూయించడం నాకు పావుగంట పని. మూయించేలోపే క్షమాపణ పోస్టు పెడతానని వాడే అన్నాడు. వద్దన్నాను. వంటగది దాకా నేనే వెంట నడిచాను. దారి పొడవునా వాడు “ఇంత అవసరమా సార్?” అని అడుగుతూనే ఉన్నాడు. నాకు తల పగిలిపోతోంది. శకుంతల మేడం నాకు అప్పగించి వెళ్లింది ఇంత సమయం తినే పద్ధతా అని ఆమె మీదే కోపం వచ్చింది.

ఆ అమ్మాయి లోపల గిన్నెలు సర్దుతోంది. అడిగితే, మాట్లాడటానికి సరేనంది. కుర్రాడు గుమ్మంలో ఆగిపోయాడు. ఫోన్ బయటికి తీశాడు, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు. కాసేపటికి చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. నేను బయట గోడకు ఆనుకుని నిలబడ్డాను. చాలాసేపు పట్టింది. నిలబడ్డాను.