యాచారం నుంచి వచ్చిన గిరక

మొన్న మెకానిక్ వచ్చి బోరు మోటారు బాగుచేసి పోయిన గంటకే కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మోటారులో ఏమేం మార్చితే బాగుంటుందో చెప్పమని మర్యాదగా అడిగింది. స్టార్టర్ మీట ముసలివాళ్ళ వేలికి లొంగడం లేదన్నాను. రాసుకుంటున్నానంది. నిజంగా రాసుకుందో లేదో తెలియదు గానీ, ఫోన్ పెట్టేశాక నాకు మా బాపు మీద కోపం ముంచుకొచ్చింది. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది. కోపం పోలేదు.

బాపు ఇబ్రహీంపట్నంలో వడ్రంగి. మోట బావులకు గిరకలు చేసేవాడు. ఎడ్లు తోలు మోటను పైకి లాగుతుంటే తాడు తిరిగేది ఆ గిరక మీదే. కొనేది దొరలు, దాని కింద పొద్దంతా నిలబడేది వెట్టివాళ్ళు. బాపు మాత్రం దొరలనే అడిగేవాడు, "గిరక మంచిగున్నదా దొరా?" అని. తాడు ఎన్నడూ ముట్టని దొర తలూపేవాడు. ఇరుసు జారుతోందని పనివాళ్ళు కబురు పంపితే, "మోట కొట్టరాదు గని నా గిరకకు వంకలు పెడ్తరు" అని కసిరేవాడు.

రజాకార్ల కాలంలో, దొరల మీద తిరగబడ్డ సంఘానికి భయపడి యాచారం వైపు దొర ఒకాయన పట్నం పారిపోయాడు. ఆ వారమే ఆయన బావి కాడ వెట్టి చేసే ఒకామె విరిగిన గిరకను నెత్తిన పెట్టుకొని, ప్రాణాలు అరచేతిలో పట్టుకొని మా వాకిట్లోకి నడిచొచ్చింది. దాన్ని బాపు ముందు దబ్బున పడేసింది. ఇరుసు ఊడి గిరక మీద పడి ఆమె భర్త చెయ్యి విరిగింది.

"మూడుమాట్ల చెప్పి పంపితి. ఒక్కనాడన్న బాయి కాడికొచ్చి చూసినవా?" అంది. "ఎడ్లు మళ్ళినప్పుడల్ల తాడు పక్కకు గుంజుతది. గిదో, ఒక్క దిక్కే అరిగింది. కండ్లు పెట్టి చూడు! గాడి లోతు జేసి ఇరుసుకు రెండు దిక్కుల సీలలు కొడితే ఊడదు."

బాపు గిరకను ఎత్తి అరిగిన దిక్కును వేలితో తడిమాడు. మరునాడు ఆమె వెంట పోయి సాయంత్రం దాకా బావి గట్టున కూర్చున్నాడు. వచ్చి గిరక గాడిని లోతు చేశాడు, ఇరుసుకు రెండు వైపులా ఇనుప సీలలు బిగించాడు. ఊరూరా తిరిగి పాత గిరకలనూ సరిచేశాడు. అది ఒప్పుకోవాలి. తర్వాత ఒక్కటీ ఊడలేదు.

పోలీసు చర్య ముగిశాక దొర తిరిగొచ్చాడు. బాపు వెంట నేనూ ఆ బావి దగ్గరికి పోయాను. దొర కొత్త గిరకను మెచ్చుకుంటే బాపు చేతులు కట్టుకొని, "నా ఉపాయమే దొరా" అన్నాడు. గిరక తెచ్చినామె ఆ పక్కనే మడికి నీళ్ళు మలుపుతోంది. వంకరపోయిన చేతితో భర్త గట్టున కూర్చొని ఉన్నాడు. ఆమె పార ఆపి బాపును చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆనాడు ఆమె ఏం చెప్పిందో మా వాకిట్లో నిలబడి విన్నదాన్ని. నోరు తెరవలేదు. అప్పుడు నాకు పదహారేళ్ళు. ఇప్పుడు తొంభై దాటాయి. ఆ ఉపాయం ఆమెదని చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, వినాల్సినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.