పటంలో మిగిలిన ఊట్లపల్లె

కొత్త ఫ్లెక్సీ వాసన నాకు పడదు. కిరోసిన్‌కూ రబ్బరుకూ మధ్య ఎక్కడో ఉండే ఆ ఘాటుకు తల పట్టేస్తుంది. అయినా కిందటి నెల జగిత్యాలలో అయిదడుగుల ఫ్లెక్సీ కొట్టించి, చుట్ట చుట్టి ఒళ్లో పెట్టుకుని, బస్సులో కోరుట్ల దాకా ఆ వాసన పీలుస్తూనే వచ్చాను. దాని మీద ఏ నాయకుడి పుట్టినరోజూ లేదు. నూరేళ్ల నాటి సర్వే పటం ఉంది. మైలు నేలను అంగుళంలోకి కుదించి, గుట్టలకు గోధుమరంగు గీతలు, వాగులకు నీలం, ఇళ్లకు ఎర్రటి చిన్న చిన్న చదరాలు వేసిన పటం. ఫ్లెక్సీ కొట్టు యజమాని దాన్ని కంప్యూటర్లో అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో ఫొటో ఎక్కడ వేయాలి మేడం అని అడిగాడు. ఫొటో లేదయ్యా అంటే పాపం నమ్మలేదు.

కోరుట్ల దగ్గర ఒక బడిలో నేను సాంఘికశాస్త్రం చెబుతాను. ఎవరి ఊరు వాళ్లు పాత పటంలో వెతుక్కుని, ఇప్పుడేమేం మారాయో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకురమ్మని పిల్లలకు పని పెట్టాను. గోడకు ఫ్లెక్సీ కట్టగానే ఒకరి మీద ఒకరు పడి, ఇదిగో మా చెరువు, ఇదిగో మా బండ్ల బాట అని ఒకటే గోల. చుట్టాలింట్లో ఉండి చదువుకునే బీర్పూర్ పిల్ల ఒకతి, తన ఊరు పటం అంచు దాటి పోయిందని అలిగి వెనక బెంచీలో కూర్చుంది. దాన్ని బుజ్జగిస్తూ, సరే మా ఊరు చూపిస్తా రా అని, రుద్రంగి వైపు వాగు పట్టుకుని వేలు జరుపుకుంటూ పోయాను. మా ఊరు దొరికింది. ఊరికి పడమట, వాగు మలుపులో, మేము పాటిదిబ్బ అని పిలుచుకున్న చోట దిబ్బ లేదు. ఎర్రటి చదరాలు తొమ్మిదో పదో ఉన్నాయి. పక్కన నీలి చుక్క, అంటే బావి. పైన ఇంగ్లీషు అక్షరాల్లో పేరు, ఊట్లపల్లె. మా ఇంటిపేరు ఊట్ల. ఆ పేరు మీదే వేలు ఉంచి గోడకు ఆనుకున్నాను. బీర్పూర్ పిల్ల అలక మరిచిపోయి నా చేతికి నీళ్ల సీసా ఇచ్చింది.

ఎప్పుడో జనం ఉండి పోయిన చోటును మా వైపు పాటి అంటారు. తరతరాల పొయ్యి బూడిదా, పేడా, పెంటా కలిసి నానిన ఆ మన్ను చేనుకు మంచి బలం. ఇది నేను పెద్ద చదువులు చదివి తెలుసుకున్న సంగతి కాదు, పలక పట్టకముందే తెలుసు. అక్కడ ఎవరో ఉండేవాళ్లనీ తెలుసు. ఎవరు అని అడగాలని మాత్రం ఏనాడూ తోచలేదు.

ఉగాది దాటి, చేలన్నీ ఖాళీ అయి, మోదుగు పూలు రాలిపోయి, ఎండ నెత్తి మీద కూర్చునే రోజుల్లో పటేలు ఇంటి నుంచి కబురు వచ్చేది. మరునాడు చీకటితోనే బాపు, అంటే మా నాన్న, గడ్డపార భుజాన వేసుకుని, అవ్వ, అంటే మా అమ్మ, పారా గంపా పట్టుకుని ముందు నడుస్తుంటే, నేనూ తమ్ముడూ గటక గిన్నె మోసుకుంటూ, వాగు ఇసుకలో చల్లగా కాళ్లు దిగబడుతుంటే కావాలనే ఇంకా లోతుకు దింపుకుంటూ దిబ్బ చేరేవాళ్లం. అప్పటికే ఎడ్లబండ్లు వరుసగా ఆగి ఉండేవి, ఎడ్లు గంటలు కదిలిస్తూ నెమరు వేస్తుండేవి. బాపు దిబ్బ చుట్టూ ఒక్కసారి తిరిగి, పిడికెడు మన్ను తీసి, నలిపి, వాసన చూసి, ఇంత నాలుక మీద వేసుకుని ఉమ్మేసి, ఒకచోట గడ్డపార దించేవాడు. ఆయన దించిన చోటే బూడిదరంగు మన్ను గంపలకు గంపలు ఊడిపడేది. పాటిమన్ను తవ్వడానికి మా బాపును బోయినపల్లి దాకా పిలిపించుకునేవాళ్లు, అంత పేరు.

మా పిల్లల పని గంపల్లోంచి పెంకులు ఏరి పారేయడం. మేము ఏరింది పెంకులు తక్కువ, గాజు ముక్కలు ఎక్కువ. ఆకుపచ్చవి, నీలివి, పసుపు గీతలున్న నల్లవి, ఉమ్మితో తుడిచి, ఎండకు పెట్టి చూసి, గుంట తీసి దాంట్లోకి విసిరి ఆడేవాళ్లం; ఓడితే ఒక నీలి ముక్కకు రెండు ఆకుపచ్చవి ఇచ్చుకోవాలి. పొద్దు నడినెత్తికి వచ్చాక దిబ్బ నీడ ఎటుంటే అటు చేరి, మక్క గటకలో పచ్చిపులుసు పోసుకుని, ఉల్లిగడ్డను పిడికిలితో పగలగొట్టుకుని తినేవాళ్లం. ఒక ఏడు మసిబారిన మూడు రాళ్లు, ఎవరో ఇప్పుడే వంట ముగించి లేచిపోయినట్టు, పొయ్యి పెట్టిన తీరుగానే బయటపడ్డాయి. తమ్ముడూ నేనూ వాటి మీద ఉత్తుత్తి బువ్వ వండి అవ్వకూ బాపుకూ ఆకుల్లో వడ్డించాం. వాళ్లు తిన్నట్టు చప్పరించారు కూడా. ఆ తర్వాత బాపు ఆ రాళ్లను ఒక్కొక్కటిగా పెకిలించి పక్కకు దొర్లించి, కింది మన్నును బండికెత్తాడు. ఇంత పని చేసి పాటలు పాడుకుంటూ ఇంటికి వచ్చాం.

బాపమ్మ, అంటే మా బాపు తల్లి, మహా నోరున్న మనిషి. నా కోపం ఆమె పోలికే అంటారు. అలాంటి మనిషి దిబ్బ మీద మొదటి బండి కదిలిన రోజు నోరు కుట్టేసుకుని, అన్నం ముట్టకుండా గోడకు తిరిగి పడుకునేది. ఒకసారి ఒడి నిండా గాజు ముక్కలు తెచ్చి గొప్పగా ఆమె ముందు పోశాను. నీలి ముక్క ఒకటి తీసుకుని, తన మణికట్టుకు ఆనించి చాలాసేపు చూసుకుని, నా చెంప మీద ఒక్కటి కొట్టింది. పెత్తరమాస నాడు ఊరంతా పెద్దల పేరు చెప్పి బియ్యం ఇచ్చి, ఇంటి కప్పు మీద కాకులకు ముద్ద పెడితే, ఆమె మాత్రం మోదుగు విస్తరిలో అన్నం, చిక్కుడుకాయ కూర, రెండు గారెలు పెట్టుకుని ఒక్కతే వాగు దాటేది. మేము తుమ్మ చెట్ల చాటున నక్కి, దయ్యాలకు బువ్వ పెడుతుందని ఏడిపించేవాళ్లం. మళ్లీ సద్దుల బతుకమ్మ నాటికి నువ్వుల సత్తూ, మలీద ముద్దలూ మా చేతుల్లోనే ముందు పెట్టేది. ఆమె పోయి పాతికేళ్లు దాటింది, ఆ దిబ్బ సంగతి మాత్రం ఒక్క మాట చెప్పలేదు.

ఆ పటం తర్వాతి తరంలో వేసిన ఇంకో పటం కూడా తెప్పించి చూశాను. వాగు అదే, మలుపు అదే, బావి చుక్క కూడా అలాగే ఉంది. చదరాలు లేవు, పేరు లేదు. తాతముత్తాతల నుంచీ గుంట భూమి లేని వాళ్లమన్న మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను, చదువుకున్న పాపానికి అందరి అర్జీల్లోనూ నా చేత్తో రాశాను కూడా. మాకొక ఊరు ఉండేది. బావి ఉండేది. దాన్ని మేమే తవ్వి, మేమే గంపలకెత్తి, పరాయి వాళ్ల చేలకు ఎరువు చేశాం.

తమ్ముడు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేస్తాడు. బాపు వాడి దగ్గరే ఉంటాడు, పొద్దంతా కార్ఖానా గడపలో కూర్చుని వచ్చేపోయే వాళ్లకు తన పాటిమన్ను పనితనం చెబుతుంటాడు. తనంత తవ్వినవాడు ఈ తాలూకాలో లేడన్న గర్వం ఒక్కటే ఆయనకు మిగిలింది. నేను చెబితే అది కాస్తా పోతుంది. చెప్పకుండా ఉంటే నేను ఉండలేను. నాకేదీ దాచడం చేతకాదు, ఆదివారం పొద్దున్నే సిరిసిల్ల పోయాను. కరెంటు పోయి మగ్గాలు ఆగేదాకా కాచుకుని, ఆయన పక్కన కూర్చుని, మనం తవ్విన పాటిదిబ్బ మన వాళ్ల ఊరేనట బాపూ అన్నాను.

పటం చూపించమని కూడా అడగలేదు. "ఎర్కనే బిడ్డ," అన్నాడు. తన తాత చెప్పాడట. గత్తరొచ్చి, అదే కలరా, ఇంటికిద్దరు పోతే, బతికినవాళ్లు పిల్లల్ని పట్టుకుని పారిపోయారట. రెండేళ్లకు తిరిగొచ్చేసరికి భూములన్నీ కాగితాల్లో పటేలు వాళ్ల పేరు మీదికి ఎక్కాయట.

నాకు మతి పోయింది. "ఎర్కుండి గడ్డపార ఎట్ల ఏసినవ్ బాపూ?" గొంతు లేచింది, అవతలి మగ్గం దగ్గరి వాళ్లు తిరిగి చూశారు.

బాపు నెమ్మదిగానే చెప్పాడు. "నేను ఎయ్యకుంటె ఇంకోడు ఎయ్యకపోవునా? ఇంకోనికి బొక్కలు ఎల్లితె పెంకులతోని కలిపి ఇసిరి పారేస్తడు. నేనైతె అగుపడంగనె మిమ్మల్ని నీళ్లకు తోలి, తువ్వాలల మూట గట్టుకస్తుంటి. అన్ని చిన్న పోరగాండ్లయే బిడ్డ."

ఆ ఎముకల మూటలన్నీ ఎక్కడ పెట్టావని అడిగాను.

"మనకు జాగెక్కడిది? మనింట్లనే, కూరాడు కింద. మీ బాపమ్మనే గుంత తీస్తుండె."

కూరాడు కుండను పెద్దల పేరిట ఇంట్లో ఒక మూల నిలుపుతారు, మా ఇంట్లో ఆ మూల పక్కనే నేనూ తమ్ముడూ పడుకునేవాళ్లం. నన్ను పట్టుకున్నది వాళ్ల పక్కన పడుకున్నామన్న భయం కాదు. రెండేళ్ల కింద, బాపు కంటి ఆపరేషనుకు కరీంనగర్‌లో ఉన్నప్పుడు, గోడలు ఒరిగిన ఆ ఇంటిని జేసీబీ పెట్టించి కూలగొట్టించింది నేను. సెలవు పెట్టి మరీ పోయి నిలబడ్డాను. ఏళ్ల తరబడి అలికిన మట్టి, చేనుకు మంచిది, ఎత్తుకుపోనా అని ఎవరో ట్రాక్టరు మనిషి అడిగితే, పీడా పోతుంది, అడుగు దాకా గీకి తీసుకుపో అన్నది కూడా నేనే.

ఆ మన్ను ట్రాక్టరుకెత్తించానని బాపుకు చెప్పాను. అప్పట్లో కంటి కట్టు విప్పించుకుని వచ్చి, ఇల్లు లేదని చూశాక కూడా ఆయన నన్నేమీ అనలేదు, ఇప్పుడూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఎవల చేన్ల పోసిండో ఎర్కనా బిడ్డ?" అని మాత్రం అడిగాడు.

ఊట్లపల్లె లేదు, దిబ్బను చదును చేసి వరి వేస్తున్నారు, మా ఇల్లున్న చోట ఉత్త నేల. మూడు ఆదివారాలు రుద్రంగి బస్సెక్కి, ట్రాక్టరున్న ప్రతి ఇంటి ముందూ నిలబడి, రెండేళ్ల కింద మా ఇంటి మన్ను ఎత్తింది మీరేనా అని అడిగాను. లంకెబిందెలు పోయాయా మేడం అని నవ్వారు. మొన్న ఆ మనిషి దొరికాడు. గుర్తుపట్టి, కుర్చీ వేసి, చాయ్ తాగించి, సంబరంగా చెప్పాడు. "మస్తు మన్ను మేడం. పది ట్రిప్పులు కొట్టిన. అడిగినోళ్లకల్ల పోసిన. యాడయాడ పోసిన్నో నాకే యాదికి లేదు."

ఈ ఆదివారం నేను సిరిసిల్ల పోలేదు. బాపు రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు.