నెపం ఎండ మీద

మా రెంటచింతలలో వేసవిలో ఎవరు కింద పడినా వడదెబ్బే. తల తిరిగినా, వాంతయినా, మొగుడితో గొడవపడి అన్నం మానేసి పడుకున్నా వడదెబ్బే. ఎక్కడ ఎక్కువ ఎండ కాసిందో టీవీలో చెప్పేటప్పుడు మా ఊరి పేరు వినబడితే మావాళ్ళకు అదో గర్వం. ఆ గర్వమే మా అత్తను చంపబోయింది.

మా అత్త మిరపకాయలు కోసి బతికిన మనిషి. వంగి వంగి మోకాళ్ళు, నడుము అరిగిపోయాయి. కోతల రోజుల్లో ఆడవాళ్ళంతా మందుల కొట్లో నొప్పుల బిళ్ళలు కొనుక్కుని కొంగున ముడేసుకుంటారు. డాక్టరు చీటీ అడిగేవాడు లేడు. మా అత్తా అంతే. అన్నం తిని వేసుకోమని నేను పోరితే "నువ్వేమన్నా డాక్టరువా ఏందే?" అనేది. మా ఇద్దరికీ మాటల యుద్ధం కొత్త కాదు. నోరు నాకూ తక్కువేం కాదు.

ఆ ఏడు తపస్సు కాలంలో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, ఆవిడ ఒంటిపూట భోజనం పట్టింది. అన్నం మానింది గానీ బిళ్ళ మానలేదు. చర్చిలో మోకాళ్ళ మీద నిలబడాలంటే పొద్దున్నే బిళ్ళ పడాల్సిందే. "బిళ్ళ తిండి కిందికి రాదు. ఉపవాసం చెడదులే" అంటూ ఖాళీ కడుపున మింగేది. దేవుడికి అభ్యంతరం లేకపోవచ్చు. కడుపుకు ఉంటుందని మాత్రం ఆవిడ ఒప్పుకునేది కాదు.

గుడ్ ఫ్రైడే నాడు సిలువ మార్గం. పాడుకుంటూ, ఒక్కో చోట మోకరిస్తూ అందరం ఎండలో నడుస్తాం. ఒకచోట మోకరించిన మా అత్త లేవబోయి పక్కకు ఒరిగిపోయింది. "వడదెబ్బ! వడదెబ్బ!" అని నలుగురూ అరిచారు. నేనూ అదే అనుకున్నాను. ఇంటికి మోసుకొచ్చి తడిగుడ్డ కప్పాం. పక్కింటి పెద్దమ్మ ఉల్లిపాయ దంచి అరికాళ్ళకు రాసి, మజ్జిగ కలపడానికి లోపలికి వెళ్ళింది. నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, జిగటగా ఉంది. పెదవులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

కాసేపటికి బాత్రూంకి వెళ్తానంది. నడిపించుకుని తీసుకెళ్తే నన్ను బయటే ఉండమంది. లోపల చెంబు పడిన చప్పుడు. తలుపు తోసుకుని వెళ్ళాను. వాసన గుప్పుమంది. కింద తారు పోసినట్టు నల్లగా, జిగురుగా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తా ఇది?"

"వేడి చేసిందే. ఎండలు కదా. నీళ్ళు కొట్టేసెయ్. మావాడికి చెప్పమాక."

నాకు భయం, కోపం ఒకేసారి వచ్చాయి. ప్రాణం మీదికి వచ్చినా ఈవిడకు కొడుకు ముందు సిగ్గే ముఖ్యం! మా ఆయన్ని కేకేసి ఆటో బయటికి తియ్యమన్నాను.

పెద్దమ్మ మజ్జిగ గ్లాసుతో అడ్డమొచ్చింది. "వడదెబ్బకి మాచర్ల దాకా ఏందే? చానా ఎండగా ఉంది. ఇది తాగించు."

"ఇది ఎండ కాదు పెద్దమ్మా" అని గ్లాసు పక్కకు తోసేశాను.

ఆటోలో అత్త తల నా ఒళ్ళో ఉంది. సగం దారిలో వాంతి చేసుకుంది. కాఫీ పొడి కలిపిన నీళ్ళలా ఉంది, మధ్యలో ఎర్రటి జీరలు. ఆవిడ కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను తిట్టడం మొదలుపెట్టాను. తిడితే ఎదురు తిడుతుందని ఆశ. ఒక్క మాటా తిరిగి అనలేదు. ఆటో ఇంకా తొందరగా పోనియ్యమని మా ఆయన మీద అరిచాను.

మాచర్ల ఆసుపత్రిలో డాక్టరు కంటి కింది రెప్ప లాగి చూశాడు. బీపీ చూసి నర్సును తొందరపెట్టాడు. "ఏమైనా బిళ్ళలు వాడుతున్నావా అమ్మా?" అని అడిగితే లేదన్నట్టు తల ఊపింది. "విరేచనం ఏ రంగులో అవుతోంది?" అంటే కొడుకు వైపు ఓసారి చూసి కళ్ళు మూసుకుంది.

ఇక నా వల్ల కాలేదు. "నల్లగా పోతోంది! పరగడుపున నొప్పుల బిళ్ళలు మింగుతోంది!" అని వార్డంతా వినేలా అరిచాను. మా ఆయన తల దించుకున్నాడు.

డాక్టరు అప్పటికే సెలైన్ సూది గుచ్చుతున్నాడు. "కడుపులో పుండు పడి రక్తం కారుతున్నట్టుంది. ఆ రక్తమే పేగుల్లో దిగి నల్లగా వస్తుంది. నోట్లో చుక్క నీళ్ళు కూడా పొయ్యొద్దు. నరసరావుపేట పంపిస్తా. అక్కడ రక్తం ఎక్కించి, గొట్టం వేసి చూడాలి" అన్నాడు.

నరసరావుపేటలో రక్తం సీసా సగం ఎక్కాక ఆవిడను లోపలికి తీసుకెళ్ళారు. మూసిన తలుపు ముందు మా ఆయన జపమాల పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఒక్క ప్రార్థనా గుర్తుకు రాలేదు. ఆవిడతో పడిన గొడవలన్నీ గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటీ పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు.

డాక్టరమ్మ బయటికి వచ్చి చెప్పింది. పుండులో రక్తనాళం తెగింది, ఇంజెక్షన్ ఇచ్చి క్లిప్పు వేశాం, కారడం ఆగింది. మళ్ళీ కారొచ్చు, కొన్నాళ్ళు ఇక్కడే ఉంచాలి. కడుపులో పుండ్లు పెట్టే క్రిమి ఉందేమో పరీక్షకు పంపుతాం. ఇకమీదట మమ్మల్ని అడక్కుండా నొప్పుల బిళ్ళ ముట్టుకోవద్దు. వడదెబ్బ అనుకున్నామని నేనంటే ఆమె తప్పుపట్టలేదు. "ఎండకు పడినా చల్లచెమట పట్టొచ్చు. మనిషిని చూసి అన్నిసార్లూ తేల్చలేం. విరేచనం రంగు చెబితేనే తెలిసేది" అంది.

మర్నాడు అత్త కళ్ళు తెరిచి నన్ను చూసి మొదట అన్న మాట: "అంతమందిలో అరిచి నా పరువంతా తీశావు గదే."

ఆ తిట్టు విని బోరుమని ఏడ్చాను.

మరుసటి ఏడు కోతలకు పోనివ్వలేదు. కల్లంలో నీడన కూర్చుని కాయల తొడిమలు తీసేది. నేనూ పక్కనే ఉన్నాను. ఒకరోజు పొద్దున్నే పనికి దిగబోతూ ఆడవాళ్ళు కొంగు ముళ్ళు విప్పుతుంటే ఆవిడ కేకేసింది.

"ఏమే, ఆగండి! మీలో ఎవరికన్నా నల్లగా పోతోందా? తారు మాదిరి?"

కాయలు తూకం వేస్తున్న మగమనిషి గబగబా అవతలికి వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని విరగబడి నవ్వారు.

పక్కింటి పెద్దమ్మ నవ్వలేదు. బిళ్ళను పిడికిట్లోనే ఉంచుకుని, మెల్లగా జరిగి మా అత్త పక్కన కూర్చుంది.