ఫొటోలో లేని సత్యానందం

సూర్యాపేటలో సైకిల్ క్లబ్బు పెట్టిన పదకొండు మందిలో తొమ్మిది మందికి తొక్కడం నేర్పింది పంచర్లు వేసే సత్యానందమే. సీటు వెనక పట్టుకుని, రొప్పుతూ, ఒక్కొక్కరి వెంట చివ్వెంల బాటన పరుగెత్తాడు.

1949 ఎండాకాలంలో క్లబ్బు ఫొటో తీయడానికి మిర్యాలగూడ నుంచి మనిషి వచ్చాడు. సత్యానందం ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్లి వరుస చివర నిలబడ్డాడు. సెక్రెటరీ రంగారావు మొహం చిట్లించాడు.

"నువ్వెందుకురా సత్తెం గీడ? ఎనుకకు పోయి, సైకిళ్లు పడకుండ పట్టుకో."

సత్యానందానికి అరికాలి మంట నెత్తికెక్కింది. బుద్ధెరిగినప్పటి నుంచి రంగారావును 'దొరా' అని తప్ప పిలవని నోరు ఆ పూట తిరగబడింది.

"నీ సీటు పట్టుకొని ఉరికిననాడు మనిషినే గదా? ఫొటోల మాత్రం స్టాండునైతినా? నీ సైకిల్ నువ్వే పట్టుకో!"

విసవిసా వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి క్లబ్బు సైకిల్ దేన్నీ ముట్టలేదు. అందరూ కలిసి కోదాడ పోదామనుకున్న రోజున, గొలుసు తెగి రంగారావు అతని పంచర్ల దుకాణం ముందుకొస్తే తలెత్తి కూడా చూడలేదు.

నెల తిరక్కుండానే క్లబ్బు వాళ్లు కబురు పంపారు. ఇంకో ఫొటో తీయిస్తారట, అందులో అతన్నీ నిలబెడతారట.

"ఫొటో ఎవనికి గావాలె? సభ్యుల పుస్తకంల నా పేరు రాయమను, అప్పుడు పానా చేతపడ్త," అన్నాడు కబురు తెచ్చినవాడితో.

వాళ్లు రాయలేదు. రిపేరుకని సైకిళ్లను బస్సు మీద కట్టి మిర్యాలగూడకు తీసుకుపోయేవాళ్లు. ఆ బస్సు దుకాణం ముందు నుంచి పోతుంటే సత్యానందం పళ్లు పటపట కొరికేవాడు. ఎన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు. చల్లార్చుకోవాలనీ అతను అనుకోలేదు.