డాక్టర్ వెంకటరత్నం గారు, ఆయన ఇటలీ సీసా

డాక్టర్ వెంకటరత్నం గారు ఇక లేరన్న మాట నేను ఆపరేషన్ గది గుమ్మంలో విన్నాను. ఉదయం వార్డులన్నీ తిరిగి, తన గదిలో కూర్చుని మంచినీళ్లు అడిగారట. నీళ్లు వచ్చేలోపే ఆయన గుండె ఆగిపోయింది. పరుగున వెళ్లి నాడి పట్టుకున్నాను. ఎందరి నాడులనో పరీక్షించడం నేర్పిన ఆ చేయి నా చేతిలో నిశ్చలంగా ఉంది. వైద్యురాలిగా నాకు తెలిసిన సత్యాన్ని శిష్యురాలిగా నా మనసు ఈనాటికీ అంగీకరించడం లేదు.

చీరాల మగ్గాల వాళ్లకూ, పొగాకు కంపెనీల్లో ఆకు ఏరే ఆడవాళ్లకూ, మిరప కోతలకు వచ్చే కూలీలకూ ఆయన ‘పెద్ద డాక్టరు’. నేను చదువు ముగించి వచ్చి ఆయన ఆసుపత్రిలో చేరిన కొత్తలో ప్రతి రోగినీ గబగబా ప్రశ్నలడిగి మందు రాసేదాన్ని. ఒకనాడు పక్కనే నిలబడి చూసి, “చెప్పనివ్వండమ్మా. మనం మధ్యలో అడ్డం పడకపోతే నొప్పి ఎక్కడుందో వాళ్లే చూపిస్తారు” అన్నారు. ఆయన సహనం స్వభావసిద్ధమైనది. దాని సంపూర్ణ స్వరూపాన్ని నేను ఒకే ఒక్క సాయంత్రం చూశాను. ఆ ఉదంతం నాతోపాటు మరుగున పడిపోకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆయన సైనిక వైద్యుడిగా ఇటలీ వెళ్లారు. టస్కనీ కొండల్లో ఒక ద్రాక్షతోట రైతు కొడుకు మందుపాతర పేలి గాయపడితే, కాలు తీసెయ్యక తప్పదని అందరూ తేల్చిన తరువాత ఈయన కష్టపడి ఆ కాలు నిలబెట్టారు. సేనలు కదిలే రోజున ఆ రైతు నేలమాళిగలో నుంచి మట్టి కొట్టుకుపోయిన ఎర్ర ద్రాక్షాసవం సీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. అప్పటికే అది చాలా ఏళ్లు మాగినది. “ఒంటరిగా తాగకు. ఈ కొండలు తెలిసినవాడు దొరికినప్పుడు తెరువు” అన్నాడట.

మా జిల్లాలో మద్యనిషేధం రాకముందే ఆ సీసా చీరాల చేరింది. చట్టం రాగానే డాక్టరు గారే వెళ్లి అధికారులకు చెప్పి, దాన్ని ఉంచుకోవడానికి అనుమతి తెచ్చుకున్నారు. ఇంటి వెనక చీకటి గదిలో నేలలో మెడదాకా పాతిన పెద్ద బానలో ఇసుక పోసి, అందులో సీసాను పడుకోబెట్టారు. నిలబెడితే బెండు బిరడా ఎండి, గాలి దూరి లోపలిది పులిసిపోతుందట. వేసవిలో బాన చుట్టూ తానే నీళ్లు చిలకరించేవారు. అసలు ఆయనకు తాగే అలవాటే లేదు. భార్య సుభద్రమ్మ గారు ఖద్దరు కట్టి, కల్లు దుకాణాల ముందు బైఠాయించిన మనిషి. ఆ గదిలోకి ఆమె అడుగు పెట్టేవారు కారు.

మార్టూరు వైపు ఒక పల్లెలో ముప్ఫై ఏళ్లకు పైగా బడి నడుపుతున్న ఇటలీ దేశపు పాదిరీ ఫాదర్ లూకా కడుపులో కాన్సరుతో మా ఆసుపత్రిలో చేరారు. ఆయన తెలుగు అచ్చంగా మన తెలుగే. “ఏవమ్మా, ఇంకెన్నాళ్లు తిప్పుతారు నన్ను?” అని నన్ను నవ్వించేవారు. క్రమంగా ఆహారం మానేశారు. మాటా తగ్గింది. గోడవైపు తిరిగి పడుకునేవారు. ఒకనాడు డాక్టరు గారు, “మీ స్వగ్రామం ఎక్కడ ఫాదర్?” అని అడిగారు. వచ్చిన జవాబు ఆ రైతు ఉన్న కొండలకు కూతవేటు దూరంలోని ఊరు.

ఆ మధ్యాహ్నమే డాక్టరు గారు ఆ సీసాను ఫాదర్‌కు ఇవ్వడానికి అనుమతి అడగాలని నిషేధ శాఖ అధికారి దగ్గరికి బయలుదేరారు. నేనూ వెంట వెళ్లాను. అధికారి మర్యాదగా, “దీనికి ఇంత దూరం రావాలా డాక్టరు గారూ? మందని చీటీ రాసేయండి, సరిపోద్ది” అన్నాడు.

“మందైతే రాసేవాణ్ణేనండి. ఇది తాగితే ఆయన జబ్బు తగ్గదు. తగ్గుద్దని నా చేత్తో ఎలా రాయమంటారు?”

“మరేమని రాయమంటారండీ?”

“దూరదేశం నుంచి వచ్చిన అతిథికి ఇస్తున్నానని రాయండి.”

ఆ మాట వల్ల కాగితం గుంటూరులో పై అధికారుల దాకా వెళ్లింది. ఫాదర్ రోజురోజుకీ క్షీణిస్తున్నారు. అనుమతి ముందు వస్తుందో, మృత్యువు ముందు వస్తుందో తెలియదు. నేను ఉండబట్టలేక, “చీటీ రాసి ఉంటే ఈపాటికి ఇచ్చేసేవాళ్లం కదండీ” అన్నాను. “నాకూ భయంగానే ఉందమ్మా” అన్నారు. ఆయన నోట భయమన్న మాట విన్నది అప్పుడే.

ఇంట్లో మరొక అనుమతి కావాలి. “కల్లు దుకాణాల ముందు ఎండలో కూర్చున్నదాన్నండీ నేను. నా గడపలోంచి సీసా బయలుదేరుద్దా?” అన్నారు సుభద్రమ్మ గారు. “నువ్వు వద్దంటే మానేస్తాను సుభద్రా. ఆయనకి చివరిసారి తన ఊరి రుచి చూపిద్దామని, అంతే” అన్నారాయన. ఆమె సరేననలేదు. వద్దనీ అనలేదు.

అనుమతి వచ్చింది. ముందు రోజే సీసాను మెల్లగా లేపి నిలబెట్టారు, ఏళ్లుగా పేరుకున్న మడ్డి అడుగుకు దిగడానికి. అంతటి వేడిలోనూ ఐసు ముట్టించలేదు. మరీ చల్లబడితే వాసన ముడుచుకుపోతుందన్నారు. తడిగుడ్డ చుట్టి మంచినీళ్ల కుండల పక్కన ఉంచారు. వార్డు గదిలో ఆ పూట ఫినాయిల్ వద్దన్నారు. మల్లెపూలు సైతం బయట పెట్టించారు. వంపుకోవడానికి నేను తెచ్చిన గాజు పాత్రను వాసన చూసి, “ఇంకా స్పిరిటు వాసనొస్తోందమ్మా” అని మళ్లీ మళ్లీ కడిగించారు.

పొద్దు వాలుతుండగా బిరడా తీయబోతే అది సగానికి విరిగింది. ఆయన ఫోర్సెప్స్ అందుకుని, గాయంలోంచి ముల్లు తీసినంత నేర్పుగా మిగిలిన ముక్కను పొడి రాలకుండా పైకి లాగారు. ఇక వంపాలి. సీసా మెడ వెనక దీపం పట్టుకుంటే మడ్డి ఎక్కడిదాకా వచ్చిందో కనబడుతుంది. దీపానికి చేయి చాపబోయాను. అంతలో గుమ్మంలో నుంచి, “ఉండమ్మాయ్, నేను పడతాను” అన్న మాట వినిపించింది. సుభద్రమ్మ గారు! ఆమె దీపం పట్టుకున్నారు. ఆయన సన్నని ధారగా వంపారు. మడ్డి నీడ మెడలోకి రాగానే ఆపేశారు.

పలచటి గ్లాసులో మూడో వంతైనా పోయలేదు. తెల్ల దుప్పటి ముందు పట్టి చూపించారు. నడుమ మాణిక్యవర్ణం, అంచున ఇటుక రంగు. “తొందర లేదు ఫాదర్, కాసేపు దీన్ని గాలి పీల్చుకోనిద్దాం” అన్నారు. ఫాదర్ లూకాను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టాం. ఆయన గ్లాసును మెల్లగా తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. అది చెడిపోయి ఉంటే ఏం చెయ్యాలి? డాక్టరు గారు ఆయన ముఖాన్నే చూస్తున్నారు. చివరికి ఫాదర్ ఒక్క చుక్క నాలుక మీద నిలుపుకుని మింగారు.

“ముసలిదైపోయిందండీ డాక్టరు గారూ, నాలాగే” అన్నారు. “కానీ చెడిపోలేదు.”

తరువాత గ్లాసు సుభద్రమ్మ గారి వైపు చాచి, “తాగొద్దులేమ్మా. వాసన చూడండి చాలు” అన్నారు. ఆమె తటపటాయిస్తూనే వంగి చూసి, “పాత చింతపండు వాసనండీ” అన్నారు. ఫాదర్ నవ్వారు. ఎన్నాళ్ల తరువాతో విన్న నవ్వు అది. “నిజమేనమ్మా! పాత చింతపండే. ఎండిన గులాబీ రేకులు కూడా ఉన్నాయి, చూడండి” అన్నారు. నేనూ ఒక గుక్క తాగాను. మొదట వగరు. మింగిన తరువాత మాగిన పొగాకు పరిమళం, తొలకరికి తడిసిన నేల వాసన చాలాసేపు నోటిలో నిలిచాయి. డాక్టరు గారు కొద్దిగా పోసుకుని, మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఫాదర్ తన తండ్రి గురించి, కోతల కాలం గురించి చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నారు. మేమెవరమూ అడ్డు రాలేదు. ఆ వారంలోనే ఆయన శాంతంగా కన్నుమూశారు.

సమాధి దగ్గర నుంచి తిరిగి వస్తూ, జీవితంలో తనకు ఇష్టమైన పనుల్లో అదొకటన్నారు డాక్టరు గారు. సీసా తెరవడమా, పక్కన కూర్చుని వినడమా అని నేను అడగలేదు.

అటువంటి మహనీయుణ్ణి పోగొట్టుకున్నాం. అంత్యక్రియల రోజున నేతగాళ్ల పేటలో మగ్గాల చప్పుడు వినబడలేదు. మరునాడు ఉదయం ఆసుపత్రి తలుపులు తెరిచేసరికి వరండా నిండా జనం. మొదటి బల్ల మీద కూర్చున్న ముసలమ్మను, “ఏం బాధ అవ్వా?” అని అడిగాను.

“నాకేం లేదమ్మా. పెద్ద డాక్టరు లేడని తెలుసు. ఊరికే కాసేపు కూర్చుని పోదామని వచ్చాం.”

ఆ మహాత్మునికి నేనర్పించగల అంజలి ఇంతకంటె లేదు. నేనూ వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను.